28 లీటర్ల ఓటీజీ: కేకులకని కొన్నాం, వేపుళ్లకే ఎక్కువ తిరుగుతోంది

ముందే చెప్పేస్తా, 5కి 3.5 ఇస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రేటులో దొరికే ఓటీజీలన్నీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు ఓవెన్) దాదాపు ఒకే బాపతు, పైన రాడ్లు కింద రాడ్లు, మధ్యలో కమ్మీల స్టాండు, ముందు గాజు తలుపు, కుడిపక్కన మూడు డయల్సు, అంతే. స్టిక్కర్ మారుతుంది గానీ లోపల సరుకు పెద్దగా మారదు. మాది 28 లీటర్లు, 1500 వాట్లు, లోపల ఫ్యాన్ ఉంది, కోడిని గుచ్చి తిప్పే చువ్వ కూడా ఇచ్చారు. డిస్కౌంట్ పోను 8 వేలు దాటింది. ఇంట్లో అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు, ఈ మందికి 28 లీటర్లు కరెక్టుగా సరిపోతోంది, 16, 18 లీటర్లవి చూశాం గానీ వాటిల్లో కేక్ టిన్ పెడితే పై రాడ్డుకి కేకుకి మధ్య నాలుగు వేళ్ల జాగా కూడా ఉండదు, లోపల ఉడికేలోపే పైన మాడిపోతుంది. కాబట్టి సైజు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

ఇంకో మాట కూడా ఇప్పుడే. కేక్ ఒక్కదాని కోసమే అయితే దీన్ని కొనొద్దు. నిజంగా చెప్తున్నా. నెలకి ఒక కేకు, పిల్లల పుట్టినరోజుకి ఇంకోటి, దానికి 8 వేలు దండగ. మన అమ్మావాళ్లు కుక్కర్లో గ్యాస్కెట్టు, విజిల్ తీసేసి అడుగున ఉప్పో ఇసకో పోసి స్టాండ్ పెట్టి సన్న సెగ మీద ముప్పావుగంట ఉంచి చేసిన కేకులు ఏం తక్కువ కాదు, మెత్తగా బ్రహ్మాండంగా వచ్చేవి, పైన ఎర్రగా రాదు అంతే. కాస్త స్థోమత ఉన్నోళ్ల ఇళ్లలో ఆ గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఉండేది, మూత మధ్యలో గాజు, పక్కన ప్లగ్గు, గుర్తుందా? అది కూడా కేకులకి చాలు. ఓటీజీ డబ్బులు ఎక్కడ గిట్టుబాటు అవుతాయంటే రోజువారీ వంటలో, ఆ విషయం షాపులో ఎవడూ చెప్పడు, వాళ్లు పిజ్జా బొమ్మ చూపిస్తారు, అట్టపెట్టె మీద కూడా పిజ్జానే.

సరే, అసలు గొడవ దగ్గరికి వద్దాం, డయల్. దాని మీద 180 డిగ్రీలు (సెల్సియస్) అని పెడితే లోపల 180 ఉంటుందని నమ్మకండి. నేను ఓవెన్లో పెట్టే చిన్న గుండ్రటి స్టీలు థర్మామీటరు ఒకటి తెప్పించా, మూడు నాలుగొందల్లో వచ్చేస్తుంది, కమ్మీకి తగిలించి గాజులోంచి చూసుకోవచ్చు. డయల్ 180 మీద ఉంటే లోపల 155 దగ్గర ఊగుతోంది, 200 పెడితే 175. సర్వీసుకి ఫోన్ చేస్తే కుర్రాడొచ్చాడు, చూశాడు, తలుపు తీసి చెయ్యి పెట్టి "బాగానే కాలుతోంది కదా మేడం" అన్నాడు, థర్మామీటరు చూపిస్తే "అన్నీ ఇంతే మేడం, కొంచెం ఎక్కువ పెట్టుకోండి" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. నా ఒకటిన్నర మార్కు పోయింది ఇక్కడే. 8 వేలు పెట్టి కొన్నదానికి అంకెలు ఉత్తుత్తివైతే ఎట్లా? అయినా ఆ కుర్రాడి మాట ఒక రకంగా నిజమే, తిప్పుడు డయల్ ఉన్న చవక ఓటీజీల్లో తేడా మామూలే, కొన్నింట్లో తక్కువ చూపిస్తుంది, కొన్నింట్లో ఎక్కువ. మీ దాంట్లో ఎటువైపు తేడా ఉందో తెలుసుకుంటే చాలు, తర్వాత ఆ వస్తువుతో పేచీ లేదు. చాలామంది వంటల వీడియోలు చూసి 180లో 35 నిమిషాలు పెట్టి, మధ్యలో జిగటగా ఉన్న కేక్ తీసి, బేకింగ్ పౌడర్ పాతదేమో అని డబ్బా పారేస్తారు. పాపం డబ్బాది తప్పు కాదు. విస్కు, గరాటు, క్రీము నాజిల్సు అన్నీ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఆ థర్మామీటరు కొనండి.

ఇంకోటి కూడా గమనించా. ప్రీహీట్ అవుతున్నంతసేపు, అంటే ఖాళీ ఓవెన్ ముందుగా వేడెక్కుతున్నంతసేపు, రాడ్లు నిప్పుల్లా ఎర్రగా ఉంటాయి, కావలసిన వేడికి రాగానే బయట హీటింగ్ లైటు ఆరిపోతుంది, రాడ్లు నల్లబడతాయి, మళ్లీ కాస్త చల్లారగానే టక్ మని వెలుగుతాయి. ఆ ఎర్రగా ఉన్న టైములో కేక్ లోపల పెట్టామనుకోండి, పైరాడ్డు సెగ నేరుగా కొడుతుంది, పది నిమిషాల్లో పైన పెచ్చు కట్టేసి, కింద పిండి పొంగుదామంటే దారి లేక మధ్యలో పగులు ఇచ్చుకుని బయటికొస్తుంది. అందుకని లైటు ఒకసారి ఆరేదాకా ఆగాలి, మాదాంట్లో 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. కేకులకి కింది రాడ్డు ఒక్కటే, ఫ్యాను వెయ్యకుండా, చివరి అయిదు నిమిషాలు మాత్రం రెండు రాడ్లూ వేస్తున్నా, అప్పుడు పైన రంగొస్తుంది.

కేక్ అంటే మా ఇంట్లో పెరుగు కేకే, అత్తయ్య గుడ్డు ముట్టరు కాబట్టి. ఇది మీకు చాలామంది చెప్పే కొలతే, నాదేం కొత్త కాదు: కప్పు గట్టి పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, కప్పున్నర మైదా, ఒకటింబావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ సోడా, వెనిలా చుక్కలు. పెరుగులో పంచదార కరిగించి సోడా, బేకింగ్ పౌడర్ వేసి కదపకుండా అయిదు నిమిషాలు వదిలేస్తే నురగ పొంగి పైకొస్తుంది, సన్న సన్న బుడగలు చిటచిటమంటూ ఉంటాయి, ఆ టైములోనే నూనె, జల్లించిన మైదా కలిపేసి వెంటనే టిన్లో పోసి లోపలికి తోసెయ్యాలి. ఈలోపు ఫోన్ వచ్చిందని మాట్లాడుతూ కూర్చుంటే ఆ బుడగలు పోతాయి, కేక్ దిబ్బరొట్టెలా దిగుతుంది. మైదా వేశాక ఎక్కువ కలపకూడదు కూడా, జిగురు వచ్చి రబ్బరులా సాగుతుంది. 7 అంగుళాల టిన్, అసలు వేడి 180 ఉండేలా చూసుకుని 35, 40 నిమిషాలు, పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. ఇందులో సగం మైదా తీసేసి గోధుమపిండి వేసినా బానే ఉంటుంది, రెండు మూడు చెంచాల పాలు పోయాల్సి వస్తుంది అంతే. రాగిపిండితో మాత్రం పూర్తిగా చెయ్యకండి, దాంట్లో జిగురు ఉండదు కాబట్టి కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది, మూడోవంతు దాకా కలుపుకోవచ్చు, బెల్లం వేస్తే రుచి ఇంకా బాగుంటుంది.

టిన్నుల సంగతి, ఓటీజీతో ఇచ్చే నల్ల ట్రే కేకుకి పనికిరాదు. హైదరాబాద్ బేగంబజార్లో సాదా అల్యూమినియం టిన్నులు తూకానికి అమ్ముతారు, ఆన్‌లైన్ రేటు కంటే బాగా తక్కువ, అంచు నిలువుగా ఉన్నది చూసి తీసుకోండి. ముదురు రంగు నాన్‌స్టిక్ టిన్నుల్లో అడుగు తొందరగా ఎర్రబడుతుంది, అవి వాడితే వేడి కాస్త తగ్గించుకోవాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, కూరలు. దొండకాయ వేపుడు మనందరికీ తెలిసిందే, మూకుడులో అరగంట నిలబడి కలుపుతూ ఉండాలి, నూనె గరిటెలు గరిటెలు పడుతుంది, పక్కన పప్పు పొంగుతుంటుంది, పిల్లాడు స్కూల్ డైరీ పట్టుకొస్తాడు. ఓటీజీలో ఐతే అరకిలో దొండకాయలు నిలువుగా నాలుగు ముక్కలు కోసి, రెండు చెంచాల నూనె, ఉప్పు, పసుపు పట్టించి ట్రే మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, లోపల వేడి 200 ఉండేలా ఫ్యానుతో 30, 35 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపితే చాలు. అంచులు ముడుచుకుని చివర్లు నల్లగా కరకరమంటాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. ముక్కలు గుట్టగా పోస్తే మాత్రం వేగవు, వాటి నీళ్లలో అవే ఉడికి కూర్చుంటాయి, ఇది అన్ని కూరలకీ వర్తిస్తుంది. కారం మాత్రం ముందు వెయ్యొద్దు! ఎండుకారం ఆ వేడికి మాడి ఇల్లంతా దగ్గులు, వెల్లుల్లి చేదెక్కుతుంది. బయటికి తీశాక ఆ వేడి మీదే వెల్లుల్లి కారమో కొబ్బరి కారమో చల్లి కలిపేస్తే సరిపోతుంది. చామదుంపలైతే కుక్కర్లో ఒక్క విజిల్ రానిచ్చి తొక్క తీసి చక్రాలు కోసి, చెంచా బియ్యప్పిండి చల్లి పెడితే ఆ జిగురంతా పోయి పైన గుల్లగా వస్తాయి. మొదటిసారి మావయ్య తిని "నూనె సీసా నిండుకుందా అమ్మా?" అన్నారు, రెండో ముద్దకి ఇంకాస్త వడ్డించమన్నారు. బెండకాయకి 20, 25 నిమిషాలు చాలు, కడిగి తుడిచి ఆరాకే కోయాలి. కాకరకాయ కూడా చక్కగా వస్తుంది గానీ పల్చగా కోస్తేనే.

వంకాయ పచ్చడికి కాల్చడం మాత్రం... కుదురుతుంది, కానీ నాకు నచ్చలేదు. పెద్ద వంకాయకి అక్కడక్కడా గాట్లు పెట్టి (లేకపోతే ఆవిరి పట్టి పగులుతుంది, తర్వాత మీరే తుడుచుకోవాలి) 220లో 40 నిమిషాలు ఉంచితే గుజ్జు మెత్తగా అవుతుంది, తొక్క ఊడిపోతుంది, అంతా బానే ఉంటుంది గానీ ఆ పొగ వాసన రాదు. పొయ్యి మంట మీద కాల్చిన వంకాయకి ఉండే రుచే వేరు, ఇది ఉడకబెట్టిన వంకాయలా ఉంటుంది. టమాటాలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి ట్రేలో కాల్చి రోట్లో నూరితే మాత్రం సూపర్, నీరంతా ఇగిరిపోయి పులుపు చిక్కబడుతుంది.

పల్లీలు అసలు ఓటీజీలోనే వేయించాలి అంటా నేను. అరకిలో ఒక్క వరసలో పరిచి 160లో 15, 20 నిమిషాలు, సగంలో ఒకసారి కలిపితే చాలు, ప్రతి గింజా ఒకే రంగు. మూకుట్లో ఐతే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. తీసిన వెంటనే తింటే మెత్తగా ఉన్నాయే అనిపిస్తుంది, చల్లారాక కరకరలాడతాయి, కాబట్టి ఇంకా వేగాలేమో అని మళ్లీ పెట్టకండి. నువ్వులు, ఎండుకొబ్బరి, జీడిపప్పు ఇవన్నీ ఇంకా తక్కువ టైములో అవుతాయి, పక్కనే ఉండాలి. పండగలకి అరిసెలు, లడ్డూలు చేసే ముందు ఈ వేయించే పని మొత్తం దీనికే అప్పజెప్పేస్తున్నాం.

చికెన్ గురించి. చువ్వకి కోడి గుచ్చి తిప్పడం చూడ్డానికి బావుంటుంది, పిల్లలు గాజు ముందు కూర్చుని టీవీ చూసినట్టు చూస్తారు, తర్వాత లోపల గోడలకి చిట్లిన నూనె తోమేది మనమే. నేను లెగ్ పీసులే చేస్తున్నా. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాలపొడి, నిమ్మకాయ, కాస్త ఆవనూనె పట్టించి రాత్రంతా ఫ్రిజ్లో పెట్టి, కమ్మీల స్టాండు మీద పెట్టి కింద ట్రే పెట్టాలి. ట్రేలోనే నేరుగా పెడితే కోడి వదిలిన నీళ్లలో అదే ఉడుకుతుంది, కాల్చినట్టుండదు. 200లో 35, 40 నిమిషాలు, చివర్లో పైరాడ్డు ఒక్కటే వేసి అయిదు నిమిషాలు, అక్కడక్కడా నల్లమచ్చలు పడతాయి. ఎముక దగ్గర కోసి చూస్తే ఎర్రటి నీరు రాకూడదు. కింద ట్రేలో పడ్డ రసం పారెయ్యకండి, దాంట్లో ఉల్లిపాయ వేయించి అన్నం కలిపితే అదో ఫ్రైడ్ రైస్. రెస్టారెంటు తందూరీ రుచి వస్తుందా అంటే రాదు, బట్టీ వేడి దీనికెక్కడిది, కానీ ఆదివారం ఇంట్లో అందరికీ సరిపడా, పొయ్యి దగ్గర నిలబడకుండా వస్తుంది.

బిస్కెట్లలో ఉస్మానియా ట్రై చెయ్యండి, హైదరాబాద్‌లో ఉంటూ ఇరానీ చాయ్ పక్కన అది తినకుండా ఎవరున్నారు. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్టు, ఉప్పగా తియ్యగా ఉండటమే దాని సొగసు. 100 గ్రాముల బటర్ మెత్తబడ్డాక 60 గ్రాముల పంచదార పొడి వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, 150 గ్రాముల మైదా, రెండు చెంచాల కస్టర్డ్ పౌడర్, రెండు చెంచాల పాలపొడి, యాలకుల పొడి, పావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, గోరువెచ్చని పాలల్లో నానబెట్టిన కుంకుమపువ్వు, ఉప్పు. మామూలుగా దొరికే ప్యాకెట్ బటర్లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా చిటికెడు చాలు, ఉప్పులేని బటరైతే అర టీస్పూన్. ముద్ద చేసి ఫ్రిజ్లో అరగంట పెట్టాలి, మే నెలలో ఐతే గంట, లేకపోతే బటర్ కరిగి ట్రేలో బిస్కెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పెద్ద రొట్టె అవుతుంది. పైన పాలు రాసి 170లో 15 నిమిషాలు. వేడి మీద మెత్తగానే ఉంటాయి, ముట్టుకోకుండా చల్లారనివ్వాలి. ఇందులోనే టూటీఫ్రూటీ కలిపితే ఫ్రూట్ బిస్కెట్టు, ఆ టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయిని పాకం పట్టి చేసేదని మా చిన్నదానికి చెప్తే ఇప్పటికీ నమ్మట్లేదు.

ఎగ్ పఫ్ జోలికి మాత్రం పోవద్దు. ఆ పొరలు రావాలంటే పిండి మధ్యలో వనస్పతి పెట్టి మడతలు మడతలుగా ఒత్తాలి, ప్రతి మడతకీ ఫ్రిజ్లో పెట్టాలి, మన ఎండలకి అది ఒత్తుతుండగానే కారిపోతుంది. బేకరీవాడు 20, 25 రూపాయలకి ఇస్తుంటే మనకెందుకీ తిప్పలు. జంతికలు, చేగోడీలు బేక్ చేస్తే నూనె లేకుండా వస్తాయని ఎవరో చెప్తే నమ్మకండి, పళ్లు జాగ్రత్త. పావ్, బన్ను మాత్రం బాగా వస్తాయి, ఎండాకాలం పిండి ముప్పావుగంటలోనే రెండింతలవుతుంది, చలికాలం దానికి రెట్టింపు పట్టినా తొందరపడకూడదు.

ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్నవాళ్లు అడుగుతున్నారు, మళ్లీ ఇది అవసరమా అని. ఇద్దరే ఉంటే అక్కర్లేదు. నాలుగు లీటర్ల బుట్టలో ఇంటి మందికి వేపుడు చెయ్యాలంటే విడతలు విడతలుగా వెయ్యాలి, మొదటి విడత చల్లారిపోతుంది. అది తొందరగా వేడెక్కుతుంది, అదొక్కటే దాని గొప్ప. సాదా మైక్రోవేవ్ వేరే సంగతి, దాంట్లో దేనికీ ఎరుపు రాదు.

కరెంటు గురించి భయపడక్కర్లేదు, ఒక కేకుకి ప్రీహీటుతో కలిపి యూనిట్‌కి కాస్త అటూ ఇటూ, రాడ్లు మధ్యమధ్యలో ఆగుతుంటాయి కదా. కానీ ప్లగ్గు సంగతి కొనకముందే చూసుకోండి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు ఆగదు, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. మన అపార్ట్‌మెంట్ వంటింట్లో అట్లాంటిది ఒకటే ఉంటుంది, అది ఇప్పటికే మైక్రోవేవో ఇంకోటో పట్టేసుంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి లాగారో, బాక్సు కాలుతుంది. ఇంట్లో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద నడవదు, మధ్యలో కరెంటు పోతే కేకు పోయినట్టే, తలుపు తియ్యకుండా దణ్ణం పెట్టుకోవడమే. వైరు కూడా మీటరే ఇచ్చారు, ఏం పిసినారితనమో. పైన, పక్కల బాగా వేడెక్కుతుంది, గోడకి నాలుగంగుళాలైనా వదలాలి, పైన ప్లాస్టిక్ డబ్బాలు పెట్టకూడదు.

లోపల లైటు లేకపోవడం ఇంకో చిరాకు, ఫోన్ టార్చ్ వేసి చూడాల్సి వస్తోంది. టైమర్ తిప్పుడుదే, 60 నిమిషాల దాకా ఉంది, పది నిమిషాల కంటే తక్కువ పెట్టాలంటే ముందు 20 దాకా తిప్పి వెనక్కి తేవాలి, నేరుగా 5 దగ్గర పెడితే కొన్నిసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. ఆ టింగ్ మాత్రం పక్క ఫ్లాటుకి కూడా వినిపిస్తుంది.

షాపులో కొంటున్నవాళ్లు ఒక పని చెయ్యండి, థర్మామీటరు ముందే తెప్పించుకుని జేబులో వేసుకెళ్లండి. ప్లగ్ పెట్టించి 180కి తిప్పి లైటు ఆరి, వెలిగి, మళ్లీ ఆరేదాకా ఆగి చూడండి. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. 10 డిగ్రీల తేడా ఐతే తెచ్చేసుకోవచ్చు, 40 ఉంటే పక్కన పెట్టించి అదే మోడల్లో ఇంకో పీసు అడగండి. ఆన్‌లైన్లో తెప్పించేవాళ్లు వాపసు గడువు అయ్యేలోపే ఈ పరీక్ష పెట్టెయ్యండి, అట్టపెట్టె అప్పటిదాకా పారెయ్యకండి.